ఆ పని రాకపోతే ఏం చేసేవాళ్లు

జగిత్యాల బస్టాండు ఎదురుగా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం నా ఫొటో వేలాడింది. "మా శిక్షణతో ఉపాధి పొందిన యువత" అని పైన పెద్ద అక్షరాలు, కింద వరుసలుగా మా మొహాలు. నాది రెండో వరుసలో చివరిది. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. దారిన పోయే చుట్టాలు అది చూసి కోరుట్లలో మా అమ్మకు చెప్పేవాళ్లు, నీ బిడ్డకు నౌకరి వచ్చిందట కదా అని.

అసలు సంగతి వేరు. ఆ శిక్షణలో చేరేనాటికే నేను తహసీల్ ఆఫీసు ముందు జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. పొద్దంతా భూముల పహాణీ నకళ్లు, కులం సర్టిఫికెట్లు, రేషను కార్డులు. సాయంత్రం పూట ఉచితంగా కంప్యూటర్ నేర్పుతున్నారంటే వెళ్లాను. కోర్సు అయిపోయాక ఇద్దరు మనుషులు కెమెరా పట్టుకుని షాపుకే వచ్చారు. నన్ను మెషీను పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుని పోయారు. మా షాపు యజమాని కౌంటరు వెనక నిలబడి అంతా చూశాడు.

"నౌకరి ఇచ్చింది నేను. వాళ్లెట్ల ఇచ్చినట్టు?" అని అడిగాడు.

"నాకేమెరుక కాకా. దిగుమన్నరు, దిగిన."

ఆయన అప్పుడు నవ్వాడు. ఫ్లెక్సీ కట్టాక మాత్రం దాని ముందు నిలబడి చాలాసేపు చదివాడు. తిరిగి వచ్చి, "మిషిన్ కొన్నది నేను, కిరాయి కట్టేది నేను, పేరు మాత్రం వాళ్లది" అని ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు. ఆయనకు నా మీద కూడా అనుమానం కలిగింది. వాళ్లతో కలిసి నేనేదో చేశానని. నేనేం చేయలేదని చెప్పినా నమ్మినట్టు కనిపించలేదు.

ఇన్నేళ్ల తర్వాత నా బతుకుతెరువు ఆ అనుమానమే అయింది. హైదరాబాదులో ఒక చిన్న సంస్థ ఉంది. ఉపాధి కల్పిస్తున్నామని చెప్పుకునే పథకాలు నిజంగా ఎంత కల్పించాయో, వాటి మీద పెట్టిన సొమ్ముకు ఫలితం దక్కిందో లేదో చూసి చెప్పడం వాళ్ల పని. జగిత్యాల చుట్టుపక్కల జిల్లాల్లో తిరిగి మనుషుల్ని అడిగి రావడం నా పని. మొదటి రోజే మా సార్ ఒక మాట చెప్పాడు. "ఎంతమందికి పని వచ్చింది అని అడగొద్దు. అది ఎవరైనా చెప్తారు. ఈ పథకం రాకపోతే వీళ్లు ఏం చేసేవాళ్లు అని అడగండి." పథకం లేకున్నా దొరికే పనిని పథకం ఖాతాలో రాసుకోకూడదు. ఒకరి దగ్గర ఊడిన పని ఇంకొకరి దగ్గర దొరికితే దాన్ని కొత్త పని అనకూడదు. ఆ మాటలు వింటుంటే ఆయన జిరాక్స్ షాపు సంగతే చెబుతున్నట్టు అనిపించింది.

మా అమ్మకు మాత్రం ఈ ఉద్యోగం ఎన్నడూ అర్థం కాలేదు. ఆమె బతుకంతా కోరుట్లలో బీడీలు చేసింది. ఇప్పుడు కళ్లు మసకబారి మానేసింది. వెళ్లినప్పుడల్లా అడుగుతుంది.

"మందిని అడుగుడు గూడ నౌకరేనా?"

"జీతం ఇస్తున్నరు గదనే అవ్వ."

"అడిగి ఏంజేస్తవ్?"

"రాస్త."

"రాసి?"

అక్కడ నేను మాట మార్చేదాన్ని.

సిరిసిల్ల కుట్టు షెడ్డు సంగతి నేను మొదట విన్నది కూడా అమ్మ దగ్గరే. ఒక సొసైటీ వాళ్లు ఆడవాళ్లకు కుట్టు నేర్పి, సిరిసిల్లలో తాము పెట్టిన షెడ్డులో పని ఇస్తున్నారు. కోరుట్లలో కూడా కొన్నాళ్లు నేర్పారట. ఆ షెడ్డును చూసి రమ్మని సార్ ఫోన్ చేసినప్పుడు నేను అమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ పెట్టేశాక అమ్మ అంది:

"గాళ్లేనా? మన గల్లీల ఇద్దరు నేర్సుకున్నరు. సర్టిపికెట్లు గోడకు తగిలిచ్చుకున్నరు. కిందనే కూసోని బీడీలు చేస్తున్నరు."

"సిరిసిల్లకు పోలేదా?"

"గంత దూరం రోజెట్ల పోతరు? పిల్లలను ఎవలు చూస్తరు?"

అంటే నేను సిరిసిల్లలో అడుగు పెట్టకముందే నా మనసు ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఈ పనిలో అలా ఉండకూడదు. కానీ ఉన్నాను.

చెప్పి వెళ్లిన రోజు షెడ్డు కళకళలాడుతోంది. వరుసలు వరుసలుగా మిషన్లు, ప్రతి మిషన్ ముందు ఒక మనిషి. రేకుల కింద ఫ్యాన్లు గిరగిర తిరుగుతున్నాయి. ద్వారానికి మామిడాకులు కట్టారు. మేనేజరు నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. నేను నోరు తెరవకముందే సమాధానాలు చెప్పడం మొదలుపెట్టాడు.

"మేడం, ఈళ్లందరు ఒకప్పుడు ఇంట్ల ఖాళీగ ఉన్నోళ్లే. ఇయ్యాల సొంతంగ సంపాదిస్తున్నరు. మీరే అడుగుండ్రి."

అడిగాను. మొదటి ఆమె, "ఖాళీగుంటి మేడం" అంది. రెండో ఆమె, "ఖాళీగుంటి." మూడో ఆమె నేను పూర్తిగా అడగకముందే, "ఖాళీగనే ఉంటి" అనేసింది.

నాకు అక్కడే అనుమానం గట్టిపడింది. మా వైపు, పేదింట్లో ఆడది ఖాళీగా ఉండడం నేను ఎరగను. బీడీలు చేస్తుంది, లేకపోతే సాంచెల కాడ కండెలు చుడుతుంది, లేకపోతే నాట్లకు పోతుంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. దానికి నూలు అందించే కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. అంతమంది ఆడవాళ్లు ఒకే ఊళ్లో ఖాళీగా కూర్చుని ఈ షెడ్డు కోసం ఎదురుచూశారంటే నమ్మబుద్ధి కాలేదు.

వెనక వరుసలో ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె కూర్చుని ఉంది. నేను పక్కామెతో మాట్లాడుతుంటే ఆమె వింటూ, బల్ల మీది గుడ్డ పీలికను తీసి వేళ్ల మధ్య చుడుతోంది. చుట్టి, చివర బొటనవేలి గోటితో లోపలికి మడిచింది. మళ్లీ విప్పి మళ్లీ చుట్టింది. మా అమ్మ టీవీ చూస్తూ కూడా చేతికి దొరికిన కాగితాన్ని అట్లాగే చుడుతుంది. బీడీ మూతి మడిచిన చేతికి ఆ అలవాటు పోదు. ఆమె మిషన్ వైపు చూశాను. సూదిలో దారం లేదు.

"నువ్వెన్నాళ్లసంది చేస్తున్నవ్ చెల్లె?" అని అడిగాను.

ఆమె నా వైపు చూడలేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక చిన్నవయసు అమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి తల తిప్పకుండా కుడుతూనే ఉంది.

"చేస్తనే ఉన్న మేడం. ఖాళీగుంటి" అంది ఆమె.

మేనేజరు చాయ్ తెప్పించాడు. తాగి వచ్చేశాను. పోతుంటే కారులో దింపుతానన్నాడు. బస్సుంది, వద్దన్నాను.

తర్వాతి వారం చెప్పకుండా వెళ్లాను. జగిత్యాల నుంచి వేములవాడ మీదుగా బస్సు. దారి పొడుగునా, ఈసారి కూడా షెడ్డు నిండుగా ఉంటే బాగుండునని ఒక మనసు, ఉండదులే అని ఇంకో మనసు. ఏది నిజమైతే నేను సంతోషిస్తానో నాకే తెలియలేదు.

ద్వారానికి మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. లోపల సగానికి పైగా మిషన్ల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. ముందు రెండు వరుసల్లో మాత్రం ఆడవాళ్లు నిజంగానే కుడుతున్నారు. స్కూలు చొక్కాల కాలర్లు. ఆ చిన్నవయసు అమ్మాయి ఉంది. ఆకుపచ్చ చీరామె లేదు.

మేనేజరు మొహం ఒక్కసారిగా మారింది.

"చెప్పకుంట అచ్చిండ్రేంది మేడం?"

"ఇటు దిక్కు పనుండె. మిగతావాళ్లు ఏరి?"

"పెండ్లిల్లు మేడం. మూర్తాలు గదా."

"అందరివీ ఒక్కరోజేనా?"

ఆయన దుప్పట్లు కప్పిన మిషన్ల వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆర్డర్లు రావాలె. అచ్చినంక అందర్ని పిలుస్తం. నేను అబద్ధం చెప్తలేను. జర ముందుగాల చెప్తున్న, గంతే" అన్నాడు. ఆ మాటలో ఎంతో కొంత నిజం ఉండి ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను. ఆ రోజు అనుకోలేదు.

నేను ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి, వెనక వరుసలో కూర్చున్నామె ఇల్లెక్కడని అడిగాను. చేతిలో కాలరు ఆగిపోయింది. మేనేజరు బయట ఫోన్ మాట్లాడుతున్నాడు.

"ఆమె మా అక్క" అంది. "ఆమెనేం అడుగకుండ్రి మేడం. ఆమెకు ఏం తెల్వది."

ఆ మాటతో నేను ఇంకా గట్టిగా అడగాలనుకున్నాను.

షెడ్డుకు పోయే అక్కాచెల్లెళ్ల ఇల్లెక్కడని వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ పోయాను, సాంచెల చప్పుడు దాటి ఒక సందులోకి మళ్లితే అక్క ఇల్లు దొరికింది. ఆమె గడప లోపల కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. నన్ను చూసి చాట మీద తువ్వాల కప్పింది. లోపలి గదిలో మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆమె మామ.

"బీడీ కార్డు తీసేసెటందుకు అచ్చిన్రా?" అని అడిగింది. షెడ్డులో పేరున్నట్టు తెలిస్తే బీడీ కార్మికుల కార్డు, దాని మీద వచ్చే పింఛను పోతాయని ఆమె భయం.

"కాదు. నాకు కార్డుతోని ఏం పని లేదు."

"మరి ఎవలు పంపిన్రు?"

చెప్పాను. నమ్మలేదు. నేను ఆమె పక్కన కూర్చుని తువ్వాల పక్కకు జరిపి ఒక ఆకు తీసుకున్నాను. తంబాకు పోసి చుట్టి, మూతి మడిచి, దారం కట్టి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా అవ్వ కోరుట్లల బీడీలే చేసింది" అన్నాను.

"బాగనే చుట్టినవ్. బీడీ చుట్టెటోళ్లంత మావోళ్లు గాదు మేడం" అని, ఆ బీడీని చాటలో వేయకుండా పక్కన నేల మీద పెట్టింది.

నేను వెళ్లిపోలేదు. ఆమె లేచి మామకు నీళ్లిచ్చి వచ్చింది. చాట మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. నేను ఉన్నా లేనట్టే పని చేసుకుంటూ, ఆకులు కత్తిరిస్తూ కత్తిరిస్తూ మెల్లగా చెప్పింది. కుట్టు నేర్చుకున్న మాట నిజమే. షెడ్డుకు కొన్నాళ్లు వెళ్లిన మాట కూడా నిజమే. మామ మంచాన పడ్డాక పొద్దంతా అక్కడ ఉండలేక మానేసింది.

"మరి మొన్న ఎందుకచ్చినవ్?"

"మనుషులు తక్కువున్నరు, ఒక్క రోజు కూసోని పొమ్మన్నరు. పోకుంటె మా చెల్లె నౌకరి ఏమైతదో అని పోయిన."

"తీసేస్తమన్నరా?"

"అనలే. అనాల్నా?"

ఆ తర్వాత ఆమె నన్ను అడిగింది. "నువ్వు రాస్తవ్. షెడ్డు మూస్తరు. గప్పుడు నా చెల్లె ఏంజెయ్యాలె?"

"షెడ్డుకు పోకముందు ఏంజేసేది?"

"గీ పక్క గల్లీల ఆసామి కాడ కండెలు సుట్టేది. ముందు వరుసల్ల కుట్టెటోళ్లు చానమంది గట్లనే."

అంటే నిజంగా పనిచేస్తున్న అమ్మాయి కూడా ఖాళీగా ఉన్నది కాదు. కండెల దగ్గర నుంచి కుట్టు దగ్గరకు వచ్చింది. ఆ పని రాకపోయినా ఆమెకు పని ఉంది. సగం మిషన్లు అద్దె మనుషులతో నిండాయి. మిగతా సగం ఇంకొకరి దగ్గర పని మానుకుని వచ్చినవాళ్లతో నిండాయి. నా లెక్క తేలిపోయిందనుకున్నాను. లేవబోతుంటే ఒకసారి ఆ ఆసామిని కూడా చూసి పోదామనిపించింది. కండెలు చుట్టే మనిషి పోయాక అక్కడ పని ఆగిందా అని అడిగితే నా మాటకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది.

ఆసామి అంటే నాలుగు సాంచెలున్న మనిషి. ఆ నాలుగింటి చప్పుడులో నా మాట ఆయనకు వినపడలేదు. రెండు ఆపి బయటికొచ్చాడు.

"కరెంటు ఆఫీసోళ్లా?"

"కాదు."

"అయితె ఏ ఆఫీసు?"

ఆ ఊళ్లో నేను ఏ ఆఫీసూ కాదని నమ్మించడం నా వల్ల కాలేదు. కండెలు చుట్టే అమ్మాయి మానేశాక ఇబ్బంది కాలేదా అని అడిగాను. ఆయన లోపలికి చూపించాడు.

మూలకు కండెల మిషన్ ముందు ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ల కింద బస్తా మడిచి పెట్టుకుంది. ఆమెది మల్లాపూర్ దిక్కు పల్లె. జీవితమంతా వాళ్లవీళ్ల పొలాల్లో నాట్లు, కలుపులు. మోకాళ్లు పోయాక కూలికి ఎవరూ పిలవలేదు, ఉపాధి హామీ మట్టిపనికి పోతే కూర్చుంటే లేవలేకపోయింది. భర్త పోయాక సిరిసిల్లలో కూతురింటికి వచ్చింది.

"గా పిల్ల కుట్టుకు పోయింది. జాగ ఖాళీ అయితె మా బిడ్డ అడిగింది, ఈయన పెట్టుకున్నడు" అంది.

నేను ఆమె పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఆ పని రాకపోతే ఏం చేసేవాళ్లు అనే ప్రశ్నకు షెడ్డులో ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇక్కడ జవాబు కూర్చుని ఉంది. ఈమెకు నిజంగానే ఏ పనీ ఉండేది కాదు. ఈమె పేరు ఆ సొసైటీ వాళ్లకు తెలియదు, ఆ సొసైటీ పేరు ఈమెకు తెలియదు.

వెంటనే ఇంకో అనుమానం కూడా వచ్చింది. "ఆ పిల్లకిచ్చినంత నీకిస్తున్నడా అవ్వా?" అని అడిగాను.

ఆమె ఆసామి వైపు చూసింది. సాంచె చప్పుడులో ఆయనకు వినపడదు.

"ఎట్లిస్తడు బిడ్డ? గా పిల్ల చేతులేడ, నా చేతులేడ. సగానికి ఇంత ఎక్కువ ఇస్తడు."

"మరి?"

"మరేమున్నది. మునుపు మా అల్లుడు ఇంట్లకస్తే నేను పెరట్లకు పోయేదాన్ని. గిప్పుడు తిన్నవా అత్తా అని అడుగుతున్నడు."

ఆమె మళ్లీ మిషన్ తిప్పింది. దీన్ని నేను ఎక్కడ రాయాలో, ఏ గడిలో నింపాలో తెలియలేదు. అల్లుడి పలకరింపుకు ఎంత విలువ కట్టాలి? ఆమెకు తక్కువ ఇచ్చి ఆసామి మిగుల్చుకున్నదాన్ని ఎవరి లాభంలో కలపాలి?

చూసినదంతా రాశాను. మిషన్ల ముందు ఒక్కరోజు కోసం మనుషుల్ని కూర్చోబెట్టారని రాశాను. నిజంగా పనిచేసేవాళ్లలో కూడా ఎక్కువమందికి అంతకుముందు వేరే పనులు ఉన్నాయని రాశాను. వాళ్లు వదిలిన చోట్లలో ఎవరు కూర్చున్నారో వెతకాలని, ఈ షెడ్డు విలువ ఏమైనా ఉంటే అక్కడే ఉందని, దాన్ని చూడకుండా లెక్క కట్టొద్దని కూడా రాశాను. అక్కాచెల్లెళ్ల సంగతి మాత్రం ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా రాశాను.

వారం తిరక్కముందే సార్ నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో ఎప్పటి చనువు లేదు.

"మీరు ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లారా?"

"వెళ్లాను సార్."

"ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదు. షెడ్డులో చెప్పినదాని మీద నమ్మకం కలగలేదు."

"మీరు వాళ్లను బెదిరించారని సొసైటీ నుంచి ఫిర్యాదు వచ్చింది. బాగా రాయడానికి మేనేజరును ఏదో అడిగారని కూడా అంటున్నారు. నేను నమ్మడం లేదు. కానీ ఇంకొకరిని పంపక తప్పదు."

నమ్మడం లేదు అన్న మాటను ఆయన ఎంత మెల్లగా అన్నాడో, అంత నమ్ముతున్నట్టు అనిపించింది. ఒక్క చాయ్ తప్ప నేను అక్కడ ఏమీ ముట్టలేదు. ఆ మాట చెప్పబోయి ఆగిపోయాను. చాయ్ గురించి చెప్పినా సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టే ఉంటుంది.

నా మీద విచారణకు వచ్చినతను కుర్రవాడు, హైదరాబాదు నుంచి వచ్చాడు, మర్యాదస్తుడు. జగిత్యాలలో మా ఇంటికే వచ్చి కుర్చీలో కూర్చుని ట్యాబ్ తెరిచాడు. ఆ రోజు అమ్మ కూడా మా ఇంట్లోనే ఉంది, కళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి.

"మేడం, మీరు ఆ ఇంటికి ఎందుకు వెళ్లారు?"

"అడగడానికి."

"వాళ్లు ఇబ్బంది పడుతున్నట్టు మీకు అనిపించలేదా?"

"అనిపించింది."

"అయినా కూర్చున్నారా?"

"కూర్చున్నాను."

మూడు మాటల్లో చెప్పాల్సింది ఒక్క మాటలో చెబుతున్నానని నాకే తెలుస్తోంది. ఆయన ట్యాబ్‌లో ఏం నొక్కుతున్నాడో మెడ చాచి చూడాలనిపించింది. నేను చెప్పినదానిలో ఏ ముక్క ఏ అర్థంతో ఎక్కుతుందో అని భయం వేసింది. షెడ్డులో ఆ ఆడవాళ్లంతా ఒకే మాట ఎందుకు చెప్పారో అప్పుడు కొంత తెలిసింది. అడిగేవాళ్ల చేతిలో ఏముందో తెలియనప్పుడు, పదిమంది చెప్పిన మాట చెప్పడమే మేలు.

ఆయన పోయాక అమ్మ అంది:

"ఆ పిలగాని నౌకరి గూడ నీ అసొంటిదేనా?"

"అవును."

"నిన్ను అడగనికి వాడు. వాన్ని అడగనికి ఎవలున్నరు?"

నాకు నవ్వు రాలేదు. కోపమొచ్చింది. అమ్మ మీద కాదు.

కుర్రవాడు సిరిసిల్లకు మేనేజరు పంపిన కారులో వెళ్లాడని తర్వాత తెలిసింది. షెడ్డు నిండా మనుషులున్నారని, అందరూ సంతోషంగా చెప్పారని రాశాడు. నేను ఎవరినీ బెదిరించినట్టు, ఏమీ అడిగినట్టు రుజువు లేదని కూడా రాశాడు. ఆ రెండో మాట వల్ల నా పని నిలిచింది. మొదటి మాట వల్ల నా రాత పక్కకు పోయింది. సార్ రెండింటినీ కలిపి మధ్యలో ఎక్కడో ఒక విలువ కట్టి, పథకానికి డబ్బు ఇచ్చేవాళ్లకు పంపాడు. నిండుగా ఉన్న షెడ్డుకూ సగం ఖాళీ షెడ్డుకూ మధ్య మూడో షెడ్డు ఎక్కడుందని అడిగాను. "రిపోర్టులో ఉంది" అన్నాడు. ఎగతాళిగా కాదు, అలసిపోయి అన్నాడు. పథకాన్ని ఇంకో ఏడాది పొడిగించారు.

కొన్ని నెలల తర్వాత వేరే పని మీద సిరిసిల్లకు వెళ్లినప్పుడు షెడ్డు ముందు ఆగాను. దుప్పట్లు లేవు. మిషన్లు తగ్గించారు, కానీ ఉన్న ప్రతి మిషన్ నడుస్తోంది. మేనేజరు మారాడట. చెల్లెలు ఇప్పుడు ఒక వరుసను చూసుకుంటోంది. నన్ను గుర్తుపట్టి బయటికి వచ్చింది.

"మీరు చెప్పకుంట అచ్చినకాంచి వాళ్లకు భయం పట్టింది. ఎప్పుడు ఎవలస్తరో అని ఆర్డర్ల కోసం తిరిగిన్రు. గిప్పుడు రోజు పనున్నది" అంది.

"నిజమా, నా కోసం చెప్తున్నవా?"

"గిట్ల అడుగుతరనే మా అక్క మీతోని మాట్లాడొద్దన్నది" అని నవ్వింది. ఆ నవ్వును ఎంతవరకు నమ్మాలో తెలియక నేనూ నవ్వాను. మరుసటి వారం ఏ పనీ లేకపోయినా, నా సొంత టికెట్టుతో మళ్లీ వెళ్లి కిటికీలోంచి చూశాను. మిషన్లు నడుస్తూనే ఉన్నాయి.

ఆ రోజే ఆసామి గల్లీకి కూడా వెళ్లాను. నాలుగు సాంచెల్లో రెండు లేవు. పాత ఇనుము కింద అమ్మేశాడు. ఈసారి సర్కారు చీరల ఆర్డరు రాలేదని, నూలు ధర పెరిగిందని చెప్పాడు. మిగిలిన రెండింటికి కండెలు భార్యే చుడుతోంది. ముసలమ్మ ఏదని అడిగితే చెయ్యి సందు చివరికి చూపించాడు.

ఆమె ఆ అక్క ఇంట్లో ఉంది. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరిస్తోంది. పక్కన అక్క బీడీలు చుడుతోంది. చుట్టడం ముసలమ్మ చేతికి ఇంకా రాలేదట. ఆకులు కత్తిరించి ఇస్తే, వచ్చినదాంట్లో అక్క ఎంతో కొంత ఇస్తుంది. కండెలకు వచ్చినంత రాదు.

"అల్లుడు మాట్లాడుతున్నడా?" అని అడిగాను.

"మాట్లాడుతడు. జర తక్కువ" అంది ముసలమ్మ.

ఇక్కడి నుంచి పోయిన పని అక్కడికి, అక్కడి నుంచి పోయిన పని ఇక్కడికి. షెడ్డు పచ్చబడింది, సాంచెలు ఎండిపోయాయి, వాటి మధ్య ఈమె ఒక గడప నుంచి ఇంకో గడపకు జరిగింది. ఇదంతా సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. విన్నాడు. "ఆ ఫైలు మూసేశాం కదమ్మా" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేసేదాకా అక్క నన్నే చూస్తూ ఉంది.

"గిది గూడ రాస్తవా?"

"లేదు. వాళ్లకు అక్కర లేదట."

"రాయకపోతే మరి ఎందుకచ్చినవ్?"

"చూసిపోదామని."

ఆమె నా మొహం కేసి కొంతసేపు చూసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఆమె చోట నేనున్నా నమ్మేదాన్ని కాదు. లోపలికి వెళ్లి మామకు మందు వేసి, పొయ్యి మీద చాయ్ పెట్టింది. ముసలమ్మ నాకు జాగా ఇస్తూ కాళ్లు ముడుచుకోబోయి, మోకాళ్లు రాక, "అట్లనే కూసో బిడ్డ" అంది. నేను ఆమె కాళ్లకు తగలకుండా గడప మీద కూర్చున్నాను. ఆమె మళ్లీ కత్తెర అందుకుంది. వేములవాడ బస్సుకు ఇంకా టైముంది.